నీళ్ళు పోసిన టైర్లు

నారాయణరావు కొడుకు హర్షని మోసగాడని పెద్దిరాజు ఏనాడూ అనలేదు. మోసగాడైతే ముసునూరు సెంటర్లో చొక్కా పట్టుకుని అడిగేసి చేతులు దులుపుకునేవాడు. హర్ష చేసింది అంతకంటే నీచం. టైర్లు తెస్తానన్నాడు, తేలేదు. అడిగితే నవ్వాడు. డబ్బున్నవాడు మాట తప్పితే మతిమరుపు, లేనివాడు తప్పితే దొంగతనం. ఏడో తరగతిలో బడి మానేసి పానా పట్టిన నాటి నుంచీ పెద్దిరాజుకి తెలిసిన సంగతే అది. తెలిసీ నమ్మాడు. ఆ మంట చల్లారదు.

కారు హర్ష కొన్నదే. బుడమేరు పొంగి బెజవాడ మునిగినప్పుడు ఎవరిదో అపార్టుమెంటు సెల్లారులో నానిన ఎర్రటి రెండు డోర్ల స్పోర్ట్స్ కారు. బీమా వాళ్ళు వేలం వేస్తే తెచ్చి పెద్దిరాజు షెడ్డు ముందు దించాడు. తలుపు తీస్తే మురుగు కంపు. సీటు కింద చచ్చిన పీత.

"దీన్ని డ్రాగ్ రేసుకి తయారు చెయ్యాలి రాజుగారూ," అన్నాడు హర్ష. "నాలుగొందల మీటర్లు, తిన్నగా. మలుపు లేదు, బ్రేకు లేదు. ముందు దాటినోడిదే ప్రైజు. ఐదు లక్షలు."

"నాకు ట్రాక్టర్లూ మామిడి లారీలూ తప్ప ఏం తెలుసు బాబూ?"

"అందుకే మీ దగ్గరికొచ్చా. హైదరాబాద్ మెకానిక్ అయితే కారు రేటు కంటే కూలే ఎక్కువడుగుతాడు. మీరైతే టీ పోయిస్తే చేస్తారు."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. పెద్దిరాజు కూడా నవ్వాడు.

ఒప్పందం ఇది: కారు హర్షది, పనీ సామాన్ల ఖర్చూ పెద్దిరాజువి. రేసుకి వేసే మెత్తటి టైర్లు మాత్రం హర్ష తెస్తాడు. గెలిస్తే ప్రైజు మొత్తం పెద్దిరాజుదే. "నాకు పేరు చాలండీ," అన్నాడు హర్ష. ఆ మాటే పెద్దిరాజుని పడేసింది. బండి తనే తోలతానన్నాడు పెద్దిరాజు. తన చేత్తో బిగించినదాన్ని ఇంకొకడి చేతిలో పెట్టే మనిషి కాదతను.

సామాన్ల డబ్బు పెద్దిరాజు హర్ష తండ్రి దగ్గరే తెచ్చాడు. నారాయణరావు నూజివీడులో మామిడి వ్యాపారి. ఆయన దగ్గర అప్పు అనే మాట వినపడదు. పూత మీద తోట పట్టుకుని అడ్వాన్సు ఇస్తాడు. కాపు రాకపోతే ఆ బాకీ పై ఏడాదికి పాకుతుంది. పెద్దిరాజు తన చిన్న మామిడి తోట మీద అడిగింది పూతకి మించిన మొత్తం కాబట్టి తోట కాగితాలు కూడా పెట్టమన్నాడు.

"షెడ్డు అద్దెది. ఇల్లు మీ అన్నదమ్ముల పొత్తు. మనదని చెప్పుకోడానికి ఆ తోటొక్కటే ఉంది," అంది పెద్దిరాజు భార్య లక్ష్మి.

"కాపుతోనే తీరిపోద్దిలే. రేసు డబ్బు పైన మిగులు."

ఆ ఏడు పూత కొమ్మ కనపడకుండా వచ్చింది. శివరాత్రి నాటికి తామర పురుగు పట్టి మాడిపోయింది. కింద రాలిన పూత అగ్గిపుల్లల బూడిదలా ఉంది. నాలుగుసార్లు మందు కొట్టారు, పురుగు చావలేదు. ఇక తోట నిలవాలంటే కారు గెలవాలి. వేరే దారి లేదు.

పెద్దిరాజు కారుని చేపని శుభ్రం చేసినట్టు చేశాడు. ఏసీ పీకేశాడు. కార్పెట్లు, స్పీకర్లు, స్టెపినీ, తలుపుల లోపలి అట్టలు, బరువున్నదల్లా బయటికి. వెనక సీటు లక్ష్మి సబ్బుతో కడిగి, ఎండబెట్టి, వరండాలో వేసుకుంది. నీళ్ళకి చచ్చిన ఇంజను కంప్యూటరు బదులు ఒక సెకండ్ హ్యాండుది బెంగుళూరు నుంచి తెప్పించాడు. ఆటోనగర్ తుక్కులో డీజిల్ వ్యాను టర్బో దొరికితే ట్రాక్టరు రేడియేటరు గొట్టాలతో కలిపాడు. బండి తిరగబడితే తల నలగకుండా లోపల ఇనప పంజరం ఉండాలన్నారు. పాత బోరు పైపులు కోసి, వంచి, వెల్డింగు చేశాడు. ఇంజను మొదటిసారి అందుకున్నప్పుడు షెడ్డు రేకులు అదిరాయి. అతని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పొగ వల్ల అన్నాడు.

బలం వచ్చింది గానీ పట్టు రాలేదు. క్లచ్చి వదిలితే వెనక టైర్లు ఉన్నచోటే తిరిగి పొగ కక్కుతున్నాయి. హర్షకి ఫోను చేశాడు.

"నాన్న కార్డు బ్లాక్ చేయించారు రాజుగారూ. ఉన్నవాటితో లాగించెయ్యండి. మీరు ఏదైనా చెయ్యగలరు."

"టైర్లు నువ్వు తెస్తానన్నావు బాబూ."

అవతల నవ్వు. "అన్నానా? సరే, గెలిచాక పార్టీ నాది."

రేసు ఆదివారం. ఆ రెండు టైర్లూ కొనే డబ్బు పెద్దిరాజు దగ్గర లేదు, ఇచ్చేవాడూ లేడు. అప్పుడు తనకి తెలిసిన విద్య వైపు చూశాడు. దమ్ము చేసే ట్రాక్టరు జారకుండా వెనక టైర్లలో నీళ్ళు నింపడం ఆ పక్క పసిపిల్లాడికి కూడా తెలుసు. బరువుకి చక్రం నేలని కరుచుకుంటుంది. పాతికేళ్ళుగా వందల ట్రాక్టర్లకి నింపాడు. కారు టైర్లకి ట్యూబులు ఎక్కించి, సగానికి నీళ్ళు పట్టించాడు.

"కారుకి దాహమేసిందా ఏంటండీ?" అంది లక్ష్మి.

"పట్టు కోసం."

"ట్రాక్టరు పరిగెత్తదు గదండీ."

"నువ్వెళ్ళి గేదెకి గడ్డెయ్యి."

షెడ్డు ముందు రోడ్డు మీద లాగి చూశాడు. మామిడి ఆటోలు తిరిగే రోడ్డు, రెండో గేరు దాటే వీల్లేదు. అంతలోనే బండి కొట్టిన ఎద్దులా దూకింది. టైరు జారలేదు. పెద్దిరాజు లక్ష్మి వైపు చూశాడు.

పోటీ ఆగిరిపల్లి దాటాక ఒక వెంచరులో. ప్లాట్లు అమ్ముడుపోక పని ఆగిపోయింది గానీ, మధ్యలో వేసిన తారురోడ్డు మాత్రం దారం పట్టినట్టు ఉంటుంది. పోటీ పెట్టినవాళ్ళు హెల్మెట్టు చూశారు, బెల్టు లాగారు, పంజరం తట్టారు. టైర్ల జోలికి పోలేదు.

"ఏం బాబాయ్, బోరు వేయిస్తున్నావా?" అన్నాడు పక్క తెల్ల కారులోని గుంటూరు కుర్రాడు, పైపులు చూసి.

"నీ వెనకాల కాదులే, ముందు వేయిస్తా."

జెండా పడింది. పెద్దిరాజు బండి నేలని కరుచుకుని లేచింది. తెల్ల కారు పక్కన కనపడటం మానేసింది. రెండో గేరు. జనం అరుపు. మూడో గేరు వేసేసరికి స్టీరింగు వణకడం మొదలెట్టింది. వెనక ఏదో గుండ్రాయి దొర్లుతున్నట్టు చప్పుడు. కాలు తీస్తే సరిపోయేది. అద్దంలో తెల్ల కారు చాలా వెనక ఉంది. తోట గుర్తొచ్చింది. తొక్కాడు.

ట్రాక్టరు టైరు ఆ వేగం ఏనాడూ చూడదు. లోపల తిరిగే నీళ్ళ బరువుకి పల్చటి కారు టైరు గోడ ఉబ్బి ఉబ్బి పగిలింది. బండి అడ్డం తిరిగి, రోడ్డు దిగి, ప్లాట్ల హద్దురాళ్ళని ఒకదాని తర్వాత ఒకటి పెకలించుకుంటూ పోయి బోర్లా పడింది. బోరు పైపులు తలని కాపాడాయి. కుడిచెయ్యి మూడు చోట్ల విరిగింది. తెల్ల కారు తాపీగా గీత దాటింది.

హర్ష ఆసుపత్రికి రాలేదు. బండి దూకిన వీడియో మాత్రం ఫోనులో పెట్టాడు, టైరు పగిలే ముందు దాకా కత్తిరించి. కింద తన పేరు వేసుకున్నాడు. లక్షమంది చూశారట.

నారాయణరావు వచ్చాడు. ఆపిల్ పళ్ళు తెచ్చాడు. "ప్రాణం దక్కింది, అదే పదివేలయ్యా," అన్నాడు. ఆ వెంటే కారు ఖరీదు సంగతి ఎత్తాడు. ఆసుపత్రి బిల్లు తను కట్టేశానన్నాడు. కాగితాలు ఎటూ తన దగ్గరే ఉన్నాయి కాబట్టి తోట రాసిస్తే బాకీలన్నీ కొట్టేసి పైన కొంత ఇస్తానన్నాడు.

"ఎంతిస్తారండీ?" అంది లక్ష్మి.

ఆయన భుజం మీది తువ్వాలు తీసి మంచం మీద పరిచాడు. మామిడి బేరం నోటితో చెప్పరు. తువ్వాలు కింద చెయ్యి పట్టుకుని వేళ్ళు నొక్కి చెబుతారు, నచ్చకపోతే అవతలివాడు తిరిగి నొక్కుతాడు. పెద్దిరాజు కుడిచెయ్యి కట్టులో ఉంది. ఎడమచెయ్యి తువ్వాలు కిందికి తోశాడు. నారాయణరావు మొహం చిట్లించాడు. ఎడమచేత్తో బేరం అంటే తిట్టినట్టు. అయినా పట్టుకుని నొక్కాడు.

బాకీలు కలుపుకున్నా ఆ అంకె తోట విలువలో సగం కూడా కాదు. పెద్దిరాజు తిరిగి నొక్కాలనుకున్నాడు. తండ్రి పక్కన నిలబడి నేర్చుకున్నదంతా కుడిచేత్తోనే. ఎడమచేతి వేళ్ళకి ఆ భాష రాదు. అవి ఆయన గుప్పిట్లో ఊరికే ఉండిపోయాయి.

"ఒప్పుకున్నట్టేగా," అన్నాడు నారాయణరావు, తువ్వాలు దులుపుకుంటూ.

లక్ష్మి మొగుడి మొహంలోకి చూసింది. అతను గోడవైపు తిరిగాడు.

వైశాఖంలో రిజిస్ట్రేషన్ అయింది. కట్టు విప్పలేదు కాబట్టి పెద్దిరాజు సంతకం బదులు ఎడమచేతి వేలిముద్రలే వేశాడు. పోయింది ముసునూరు పొలిమేరలో అరవై రెండు సెంట్లు, ఇరవై నాలుగు చిన్నరసం చెట్లు, బోరుతో సహా.