చెల్లెలి పదిహేడో కొండ

సామాన్లు మోసేవాడికి కొండలెక్కే సరదా ఎందుకుంటుంది? ఏడో తరగతిలో బడి మానేసినప్పటినుంచీ నేను జనాల ఇళ్ళు మారుస్తూనే ఉన్నాను. బీరువాలు, ఫ్రిజ్జులు, ఒకసారి ఒక పియానో. లిఫ్టు లేని మేడల్లో అవన్నీ నా వీపు మీదే ఎక్కాయి, నా వీపు మీదే దిగాయి. ఒక్కడూ ఫోటో తియ్యలేదు. పైకి చేరి చెమట తుడుచుకునేలోపు ఇంటావిడ వచ్చి, "గోడకి గీత పడింది చూశారా" అంటుంది. మనకి దక్కే సన్మానం అది.

అందుకే మా చెల్లీ, బావా సెలవు దొరికితే చాలు, చెరో సంచీ వీపున తగిలించుకుని పరాయి దేశాల కొండల మీద పడుతుంటే నాకు ఒళ్ళు మండేది. నాకు డబ్బులిచ్చి చేయించుకునే పనిని వీళ్ళు డబ్బులిచ్చి మరీ చేసుకుంటున్నారు.

శిఖరాల గుంపులని ఉంటాయట. ఒక శ్రేణిలో ఇంత ఎత్తు దాటిన కొండలన్నీ కలిపితే ఒక గుంపు. పనిలేనివాళ్ళెవరో లెక్కగట్టి పెడితే, ఇంకా పనిలేనివాళ్ళు ఒక్కొక్కటీ ఎక్కి చెల్లు వేసుకుంటూ పోతారు. మావాళ్ళు పట్టుకున్న గుంపు మూడు దేశాల్లో పరుచుకుని ఉంది. మొత్తం పదిహేడు. పెళ్ళయిన కొత్తలో మొదలుపెట్టారు. పిల్లలు లేరు కాబట్టి సాగింది అనేవాణ్ణి నేను, వాళ్ళ మొహం మీదే. మంచిమాట కాదని తెలిసే అనేవాణ్ణి.

ఒకరోజు నేను గోడౌన్లో నిలువుటద్దానికి దుప్పటి చుడుతుంటే బావ వచ్చాడు. కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసే పని ఆయనది. నెమ్మదస్తుడు. ఎడమ తుంటి అరిగిపోయి ఏడాదిగా కుంటుతున్నాడు. కుర్చీ లాగబోతే వద్దని చెయ్యి ఊపాడు. ఎవరైనా తనని పట్టుకున్నా, కుర్చీ వేసినా ఆయనకి గిట్టదు.

"బావా, నువ్వొక పని చేసిపెట్టాలి" అన్నాడు నాతో.

"ఇల్లు మారుతున్నారా?"

"లేదు. కొండెక్కాలి."

"నీకు అరిగింది తుంటి అనుకున్నాను. పైన కూడా అరిగిందా?"

నవ్వలేదు. "వచ్చే నెల ఆపరేషను. నడుస్తావంటున్నాడు డాక్టరు. కొండల సంగతి అడిగితే మాత్రం కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. నావి పదిహేడూ అయిపోయాయి. మీ చెల్లికి కోరపన్ను ఒక్కటే మిగిలింది. నా మూలంగా అది అలా ఉండిపోతే నాకు నిద్ర పట్టదు. నేను మంచమెక్కేలోపు తను ఎక్కేసి రావాలి. ఒక్కత్తీ వెళ్ళనంటుంది. స్నేహితులతో వెళ్ళమంటే వాళ్ళు గబగబా నడుస్తారంటుంది. నువ్వు తోడొస్తే కాదనలేదు."

కోరపన్ను అనేది ఆ కొండకి వాళ్ళిద్దరూ పెట్టుకున్న పేరు. అసలు పేరు నా నోరు తిరగదు.

"నేనే దొరికానా?"

బావ కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. "ఆ కొండకి నేను ఒక్కణ్ణే వెళ్ళిన ఏడాది, తను ఎందుకు రాలేకపోయిందో నీకు తెలుసు కదా."

తెలుసు. తెలియనట్టు ఉండటం వేరే సంగతి. ఆ ఏడాది మెట్ల మీద ఫ్రిజ్జు జారి నా కాలు విరిచింది. నన్ను చూసే దిక్కు లేదు. చెల్లి ఆసుపత్రిలో రక్తం తీసే తన ఉద్యోగానికి సెలవు పెట్టి నా గదికి వచ్చేసింది. వండింది, ఉతికింది, నన్ను గోడ పట్టించి మళ్ళీ నడిపించింది. ఇప్పటిదాకా నేను ఆ మాట ఎత్తలేదు. తనూ ఎత్తలేదు. తను ఎత్తకపోవడమే నాకు ఎక్కువ గుచ్చుకునేది.

"బూట్లు కొనిపెట్టు" అన్నాను. "నాకు బూట్ల మీద తగలేసే డబ్బులు లేవు."

నా వ్యానులోనే బయల్దేరాం. సరిహద్దు దగ్గర కుర్రాడొకడు లోపలికి తొంగి చూసి, సామాను ఏమిటని అడిగాడు. "మా బావ" అన్నాను. వెనక సీటులో కాలు చాపుకుని పడుకున్న బావ చెయ్యి ఊపాడు. చెల్లి ఒక్కత్తే దారంతా కిటికీకి తల ఆనించి ఊరుకుంది. ఇన్నేళ్ళుగా దీనికోసం కలవరించిన మనిషి, తీరా వెళ్తుంటే అలా ఎందుకుందో నాకు అంతుపట్టలేదు.

కొండ మొదట్లో రాతి బస ఒకటి ఉంది. కింద బల్లలు, పైన మంచాలు. నడిపే ఆవిడ దిట్టమైన మనిషి, నా బూట్లు కొత్తవని చూడగానే కనిపెట్టి పెదవి విరిచింది. పొద్దున్నే బావ గుమ్మం దాకా వచ్చి చెల్లి సంచీ పట్టీలు బిగించాడు. ఒకసారి బిగించి, మళ్ళీ వదులు చేసి, మళ్ళీ బిగించాడు.

"ఇనపకర్ర పాతి ఉన్నది అసలు కొస కాదు, గుర్తుందిగా? అందరూ అక్కడే ఫోటో దిగి వచ్చేస్తారు. దాని అవతల ఉన్న బండే కొస. మూడు మీటర్లు ఎక్కువ."

"గుర్తుంది" అంది చెల్లి.

"కుడిచెయ్యి చీలికలో పెట్టాలి."

"ఎన్నిసార్లు చెప్తారు?"

ఎక్కడం నాకు కష్టం కాలేదు. కొత్తగా ఉన్నదల్లా పక్కన గోడ లేకపోవడం. మెట్లయితే మలుపు మలుపుకీ కాస్త చదును, ఆనుకోవడానికి గోడ, ఎవరో ఒకరి తలుపు ఉంటాయి. ఇక్కడ ఒక పక్క కొండ, ఇంకో పక్క ఏమీ లేదు. నేను ఆ ఏమీ లేనివైపు చూడకుండా చెల్లి మడమల వంకే చూస్తూ నడిచాను.

"ఏమే, మీకు ఇందులో ఏం కనిపిస్తుంది?"

"ఊపిరి దాచుకో అన్నయ్యా."

"ఊపిరికేం లోటు లేదు. అడిగినదానికి చెప్పు."

"ఏమీ కనిపించదు. మబ్బు ఉంటే అసలే కనిపించదు."

"మరి?"

"మరి అంటే ఏం చెప్పను? వారమంతా ఆయన అద్దాల మీదికి వంగి ఉంటారు, నేను సూదుల మీదికి వంగి ఉంటాను. ఇక్కడికొస్తే ఆయన మాట్లాడతారు. ఇంట్లో మాట్లాడరు."

ఒక రాతి చాటున కూర్చుని ఉడికించిన గుడ్లు తిన్నాం. తను పెంకు వలుస్తూ అడిగింది, "ఆపరేషను అయ్యాక ఆయన మళ్ళీ ఎక్కగలరంటావా?"

"నేను డాక్టర్నా? బీరువాలు మోసేవాణ్ణి."

అన్నాక నాలుక కరుచుకున్నాను. తను మాత్రం వలిచిన గుడ్డు నా చేతిలో పెట్టి లేచింది.

ఇనపకర్ర దగ్గరికి చేరేసరికి మబ్బు పట్టింది. పలచటి మబ్బే. దానిలోంచి అవతలి బండ కనిపిస్తోంది, ఇద్దరు మనుషుల ఎత్తు. మాకూ దానికీ మధ్య ఒక గట్టు. బీరువా పడుకోబెడితే ఎంత వెడల్పు ఉంటుందో అంతే ఉంది. దానికి రెండు పక్కలా మబ్బు. మబ్బు కింద ఏముందో ఆలోచించకూడదనుకున్నాను, ఆలోచించాను.

రెండడుగులు వేశాను. మూడోది పడలేదు. మోకాళ్ళు వాటంతట అవే ఆడటం మొదలుపెట్టాయి. అంత బరువులు మోసిన కాళ్ళు, వీపు మీద ఏమీ లేనప్పుడు అలా వణుకుతాయని నేనెప్పుడూ అనుకోలేదు. ఉన్నచోటే కూర్చుని, పాకుకుంటూ వెనక్కి వచ్చి ఇనపకర్రని కావలించుకున్నాను.

చెల్లి నవ్వు ఆపుకుంది. "అలాగే ఉండు. దాన్ని వదలకు."

"వదలమన్నా వదల్ను. నువ్వెళ్ళి ముట్టుకుని రా."

వెళ్ళింది. మన ఇంట్లో నడవాలో నడిచినట్టు నడిచి బండ దగ్గర ఆగింది. కుడిచెయ్యి పైకెత్తి చీలికలో పెట్టింది. ఇక ఎక్కుతుందని చూస్తున్నాను. అలాగే నిలబడింది. మబ్బు కాసేపు తనని కప్పేసింది. మళ్ళీ తేలిపోయేసరికి తను వెనక్కి వస్తోంది.

"అయిందా?"

"లేదు."

"జారుతోందా?"

"లేదు. బాగానే ఉంది."

నాకు తిక్క రేగింది. "ఒసేయ్, నేను ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఇంతదూరం వచ్చింది ఆ బండని దూరంనుంచి చూడ్డానికా? నా గురించి ఆగావా? వణికితే వణుకుతాను, చావనులే. వెళ్ళు."

"నీ గురించి కాదు."

నా పక్కన కూర్చుంది. కుడిచెయ్యి ఎడమచేతిలో పట్టుకుని చూసుకుంది. వేళ్ళకి రాతిపొడి అంటుకుని ఉంది.

"ఆయన దీని గురించి ఎన్నిసార్లు చెప్పారో నీకు తెలీదు అన్నయ్యా. చెయ్యి ఎక్కడ పెట్టాలి, కాలు ఎక్కడ పెట్టాలి. చెప్పి చెప్పి ఆఖర్న ఒకటే మాట, 'నేను చూపిస్తాలే' అని. చెయ్యి పెట్టాను. ఆయన చెప్పినట్టే మణికట్టు దాకా పట్టింది. ఇక పైకి లేవబుద్ధి కాలేదు."

"అదేం చోద్యం? ఆయనే కదా పంపించింది."

"పంపించారు. తనింక రాలేనని ఖాయం చేసుకుని పంపించారు. ఇది కూడా అయిపోతే, ఆయనవీ అయిపోయాయి, నావీ అయిపోయాయి. ఆపరేషను అయ్యాక ఆ కాలు బాగుపడటానికి కసరత్తులు చెయ్యాలట, నొప్పిగా ఉంటుందట. ఏ కొండ చూపించి చేయించను?"

నా కాలు విరిగినప్పుడు నన్ను గోడ పట్టించి నడిపిస్తూ, కిటికీ దాకా, తర్వాత తలుపు దాకా, తర్వాత వీధిలో టీ కొట్టు దాకా అని ఆశ పెట్టింది ఇదే. ఈ మనిషికి ఆ విద్య తెలుసు. నేనే ఆ సంగతి మర్చిపోయి కొండ గురించి కంగారుపడ్డాను.

"ఆయనకేం చెప్తావు?"

"ఉన్నది చెప్తాను."

"నీ కోసం మిగిల్చానంటే జాలిపడ్డావంటాడు. కుర్చీ లాగితేనే మొహం ముడుచుకునే మనిషి."

"అబద్ధం చెప్పలేను, నా మొహం చూస్తే తెలిసిపోతుంది."

అదీ నిజమే. దానికి చిన్నప్పటినుంచీ ఆ రోగం ఉంది.

దిగడం గురించి చెప్పకపోవడమే మర్యాద. సగం దూరం కూర్చునే దిగాను. వేసుకున్న ప్యాంటు మళ్ళీ పనికి రాలేదు.

బస గుమ్మంలో బావ నిలబడి ఉన్నాడు. ఎప్పటినుంచి నిలబడ్డాడో గాని, చెయ్యి చట్రాన్ని గట్టిగా పట్టుకుని ఉంది. మమ్మల్ని లోపలికి రానివ్వకుండానే అడిగాడు.

"అయిందా?"

"కాలేదండీ" అంది చెల్లి.

ఆయన మొహం వాడిపోయింది. "ఎందుకని? వాన లేదే. మబ్బు కూడా ఎక్కువసేపు లేదు, నేను చూస్తూనే ఉన్నాను. గట్టు దాకా వెళ్ళారా?"

"వెళ్ళాం."

"మరి?"

చెల్లి నోరు తెరిచింది. ఏం చెప్పబోతోందో నాకు తెలుసు. అది విన్నాక ఈయన లోపలికి వెళ్ళి గోడవైపు తిరిగి పడుకోవడం కళ్ళకి కట్టినట్టు కనిపించింది.

"నా వల్లే" అన్నాను.

ఇద్దరూ నావైపు తిరిగారు.

"ఆ గట్టు మీద నాకు కాళ్ళు వణికాయి. అక్కడే చతికిలబడ్డాను. ఇనపకర్రని కావలించుకుని వదల్లేదు. ఇది వెళ్ళబోతే చెయ్యి పట్టుకుని లాగేశాను, నన్ను ఒక్కణ్ణీ వదిలి వెళ్ళద్దని ఏడ్చాను కూడా. ఇక ఏం వెళ్తుంది?"

చెయ్యి పట్టుకున్నదీ ఏడ్చిందీ నేను కలిపినవి. మిగతాదంతా జరిగిందే, అందుకే నోట్లోంచి సాఫీగా వచ్చింది. గుమ్మం లోపలి బల్ల దగ్గర సూపు తాగుతున్న ఇద్దరు కుర్రాళ్ళు చెంచాలు ఆపారు. బస ఆవిడ నా బూట్ల వంక ఒకసారి, ప్యాంటు వంక ఒకసారి చూసి, నాకు తెలుసులే అన్నట్టు తల ఊపింది.

బావ నన్ను ఎగాదిగా చూశాడు. తర్వాత భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడు. గట్టిగా, గుమ్మం పట్టుకుని మరీ.

"పియానో ఎత్తుకుని అయిదో అంతస్తు ఎక్కిన మనిషివి."

"పియానో ఎక్కడికీ దొర్లిపోదు, నేను పట్టుకునే ఉంటాను. అక్కడ నన్ను పట్టుకునేవాడెవడు?"

"కిందకి చూశావా?"

"చూడక కళ్ళు మూసుకోమంటావా?"

"అదీ నువ్వు చేసిన పొరపాటు. మొహం బండవైపు పెట్టాలి బావా. అడుగు వెయ్యకూడదు, జరపాలి."

చెవులు వేడెక్కాయి. కుర్రాళ్ళు కూడా నవ్వుతున్నారు. ఇంకొకడైతే చెంప పగలగొట్టేవాణ్ణి. చెల్లి నావైపు ఒకసారి చూసింది. కాదని మాత్రం అనలేదు.

బావ అప్పటికే లోపలికి నడిచి ఒక పొడుగు బల్ల దగ్గర నిలబడ్డాడు. "ఇది గట్టు అనుకో. వచ్చేసారి నేను ముందు వెళ్తాను, నువ్వు మధ్యలో, తను వెనక."

"వచ్చేసారికి నన్ను లెక్కలో వేసుకోకు."

"నీకు ఇటు నా చెయ్యి, అటు తన చెయ్యి ఉంటాయి. గోడ ఉన్నట్టే. ఆ బండ దగ్గర ఒక్కటే కిటుకు. కుడిచెయ్యి పైన, అది తనకి తెలుసు. ఎడమకాలు మాత్రం నేను ఎప్పుడూ నోటితో సరిగ్గా చెప్పలేకపోయాను, చూపించాలి."

పక్కనున్న తక్కువ ఎత్తు పీట మీదికి ఎడమకాలు ఎత్తబోయాడు. అది సగంలో ఆగిపోయింది. నుదుటి మీద చెమట పట్టింది. నేను ముందుకు వెళ్ళబోతే చెల్లి నా మోచెయ్యి పట్టుకుని ఆపింది. బావ వంగి, రెండు చేతులతో తన కాలిని తనే ఎత్తి పీట మీద పెట్టుకున్నాడు.

"ఇదిగో, ఇలా, పక్కవాటుగా. చూశావా?"

"సరిగ్గా కనిపించలేదండీ" అంది చెల్లి. "మళ్ళీ చూపించండి."