మూడు వేళ్ల పథ్యం

కత్తెరాయన బతుకంతా మూడు వేళ్ల మీద నడుస్తోంది. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు. గడ్డం గీసే కత్తి పట్టేది అవే, దువ్వెన తిప్పేది అవే, "కాస్త ఇటు తిరగండి" అంటూ కుర్చీలో కూర్చున్నవాళ్ల తల పక్కకి వాల్చేది కూడా అవే. సరిగ్గా ఆ మూడు వేళ్లకే ఎనిమిది నెలలుగా దురద పట్టుకుంది. మొదట ఎర్రబడ్డాయి, తర్వాత పగుళ్లిచ్చాయి, ఆ తర్వాత పొట్టు రాల్చడం మొదలెట్టాయి. మిగతా రెండు వేళ్లు మాత్రం పెళ్లికొచ్చిన చుట్టాల్లా శుభ్రంగా, పనీపాటా లేకుండా పక్కన నిలబడ్డాయి.

దురదకి తోడు నడుము నొప్పి. అది పాత నేస్తమే, కానీ ఈమధ్య మరీ చనువు తీసుకుంటోంది.

నొప్పి దాచుకోవచ్చు, వేళ్లు ఎక్కడ దాస్తాడు? ఓ రోజు పోస్టుమాస్టరుగారు నురగ పూసిన మొహంతోనే అద్దంలోకి తొంగి చూసి, "నా మీసం మీద పడింది నీ వేలి పొట్టేనా?" అని అడిగారు. మర్నాటి నుంచి ఆయన రోడ్డు దాటి, ఎదురుగా కొత్తగా వెలసిన అద్దాల సెలూన్‌కి వెళ్లసాగారు. తర్వాత బ్యాంకు గుమస్తా దాటాడు. ఆ తర్వాత ఎప్పుడూ కలిసొచ్చే కవలలిద్దరూ ఒకేసారి దాటారు. దాటేటప్పుడు అందరూ ఆకాశంలో ఏదో వెతుకుతున్నట్టు తలెత్తి నడిచేవాళ్లు. ఇలాగే ఇంకో ఆరునెలలు సాగితే షట్టరు దించేయడమే. ముప్ఫై ఏళ్లుగా చేతిలో కత్తెర తప్ప మరొకటి పట్టని మనిషి, షట్టరు దించాక ఏం పట్టుకుంటాడు? ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా అతను ఖాళీ కుర్చీని మళ్లీ ఓసారి తుడిచేవాడు.

ఇంట్లో వైద్యుడు లేకపోతే కదా చింత! మామగారున్నారు. రిటైరైన డ్రాయింగు మాస్టారు. డెబ్భై రెండేళ్లు. తల మీద ఒక్క తెల్ల వెంట్రుక కనిపిస్తే ఒట్టు. ప్రతి ఆదివారం సాయంత్రం లైబ్రరీ హాల్లో ఓ ముప్ఫై మందిని కూర్చోబెట్టి ప్రకృతి పథ్యం మీద ఉపన్యాసం ఇస్తారు. ఉప్పు, చక్కెర, నూనె, మైదా మానేసి మొలకెత్తిన గింజలు, పచ్చి దోసకాయ తింటే ఒంట్లో రోగం నిలవదని ఆయన సిద్ధాంతం. ఋజువేమిటని ఎవరైనా అడిగితే మాటాడకుండా తల వంచి జుట్టు చూపిస్తారు. అంతటితో నోళ్లు మూతపడతాయి.

ఆ జుట్టుకి రంగేసేది ఎవరనుకున్నారు? మన కత్తెరాయనే.

పదకొండేళ్లుగా, రెండు వారాలకోసారి, ఆదివారం పొద్దున్న. వాకింగ్‌కని ఇంట్లో చెప్పి ఇద్దరూ బయల్దేరతారు. సెలూన్ షట్టరు నడుముదాకా ఎత్తి, దూరి, మళ్లీ దించేస్తారు. పెద్ద కుర్చీలో కూర్చుంటే సందులోంచి ఎవరైనా చూస్తారేమోనని మామగారు మూల ఓ చిన్న పీట మీద కూర్చుంటారు. గంటన్నరసేపు అల్లుడు రెండు మడతలుగా వంగి రంగు పూస్తాడు. పైగా మామగారు అల్లాటప్పా మనిషి కాదు, డ్రాయింగు మాస్టారు.

"కణతల దగ్గర బ్రష్షు వద్దు అల్లుడూ, గీత పడుతుంది. వేలితో అద్దు. బొగ్గు బొమ్మకి నీడ దిద్దినట్టు మెల్లగా కలిపెయ్యి. తొడుగులూ గిడుగులూ వద్దు, ఒట్టి వేళ్లకే ఆ పనితనం వస్తుంది."

సెలూన్లో ఓ బోర్డు కూడా ఉంది: ఇక్కడ తలకు రంగు వేయబడదు. అది రాసింది మామగారే. నీలం అక్షరాలు, కింద నీడలతో సహా. అనుమానం అటువైపు రాకుండా ముందుజాగ్రత్త.

ఈ సంగతి కూతురికి తెలియకూడదని మామగారు ఒట్టు వేయించుకున్నారు. ఒట్టు లేకపోయినా కత్తెరాయన చెప్పేవాడు కాదు. కుర్చీలో విన్నదీ చూసిందీ కుర్చీ దగ్గరే వదిలేయాలని అతని వృత్తి నియమం. ఆ లెక్కన పీట కూడా కుర్చీ కిందకే వస్తుంది.

వేళ్ల పగుళ్లు చూసి భార్య ఊరుకోలేదు. చెయ్యి పట్టుకుని చర్మం డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది. డాక్టరమ్మ కళ్లద్దాలు పైకి తోసుకుని వేళ్లు అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఏం తింటే ఇలా వచ్చిందంటారు డాక్టరుగారూ?" అంది భార్య.

"తిండి వల్లయితే మూడు వేళ్లనే ఏరుకుంటుందామ్మా? ఈ వేళ్లకేదో తగులుతోంది." డాక్టరమ్మ అతనివైపు తిరిగింది. "తలకి రంగులు వేస్తుంటారా? ఏళ్ల తరబడి ఒంటికి పడిన రంగే ఓ రోజు నుంచి పడకుండా పోతుంది."

పక్కనే భార్య. కత్తెరాయన పని కక్కలేక మింగలేక అన్నట్టయింది.

"మా దగ్గర రంగు వెయ్యమండీ," అన్నాడు. "బోర్డు కూడా ఉంది."

"అవును డాక్టరుగారూ, మా నాన్నగారే రాశారు," అని భార్య గర్వంగా సాక్ష్యం పలికింది.

డాక్టరమ్మ నిట్టూర్చి పూతమందు రాసిచ్చింది. నడుముకి రోజూ చేయాల్సిన వ్యాయామం కాగితం మీద గీసిచ్చి, ఎక్కడ ఎక్కువగా వంగుతున్నారో కనిపెట్టండి అంది. కత్తెరాయనకి అదీ తెలుసు. కానీ రెండు వారాలకోసారి అద్దే రంగు ఇంత పని చేస్తుందా అని తనకి తానే నచ్చజెప్పుకున్నాడు. మనసుకి నచ్చజెప్పడం మనిషికి చేతనైనంత ఇంకెవరికి చేతనవుతుంది!

మామగారు పూతమందు ట్యూబుని చిటికెనవేలితో ఎత్తి చెత్తబుట్టలోకి జారవిడిచారు. సరిగ్గా అప్పుడే ఆయనకి ప్రయాణం పడింది. చిన్నకూతురు ఇల్లు మారుతోంది, సాయానికి అయిదు వారాలు. వెళ్లేముందు చార్టు పేపరు మీద నలభై రోజుల పథ్యం రాసి వంటింట్లో అంటించారు. ప్రతి పూటకీ రంగుల బొమ్మ. పొద్దున్న నానబెట్టిన గింజలు, మధ్యాహ్నం ఉడికించిన బీట్‌రూటు, సాయంత్రం దోసకాయ. రాత్రి గడిలో ఒట్టి నేల బొమ్మ, దాని మీద దిండు లేకుండా వెల్లకిలా పడుకున్న అల్లుడు. బొమ్మలోని అల్లుడు నవ్వుతున్నాడు.

"ఒక్క బిస్కెట్ ముక్క ముట్టుకున్నా మొదటికొస్తుంది, జాగ్రత్త!" అని గుమ్మం దగ్గర ఇంకోసారి హెచ్చరించి మరీ బండెక్కారు.

పాపం కత్తెరాయనకి బిస్కెట్లంటే ప్రాణం. అయినా ముట్టలేదు. సెలూన్లో ఎవరైనా టీలో బిస్కెట్ ముంచుతుంటే అద్దంలో చూసి గుటకలు మింగేవాడు, కానీ ముట్టలేదు. చిత్రం చూడండి, మూడో వారానికి దురద తగ్గింది. నాలుగో వారానికి పగుళ్లు పూడాయి. అయిదో వారానికి ఆ మూడు వేళ్లు కూడా చుట్టాల వరసలో చేరిపోయాయి. నడుము కూడా సగం మాట వింది. బ్యాంకు గుమస్తా రోడ్డు ఇటువైపు దాటి వచ్చి కూర్చున్నాడు. కత్తెరాయన ఆనందం పట్టలేక అతని తల అవసరమైనదానికంటే ఎక్కువ కత్తిరించాడు.

కబురు అందిన మామగారు అక్కడి నుంచే లైబ్రరీకి చీటీ పంపారు: వచ్చే ఆదివారం ప్రత్యేక ఉపన్యాసం, పథ్యంతో బాగుపడిన చెయ్యి ప్రత్యక్ష ప్రదర్శన.

గురువారం ఆయన దిగారు. మండుటెండలో ఉన్ని టోపీ, చెవులు మూసుకునేదాకా. పరాయి మంగలి చేత రంగు వేయించుకోవడానికి ఆయనకి అభిమానం అడ్డొచ్చింది. అయిదు వారాల తెలుపు ఆ టోపీ కింద దాక్కుని ఉంది.

"రేపు పొద్దున్న వాకింగ్‌కెళ్దాం అల్లుడూ," అన్నారు గుమ్మంలోనే.

శుక్రవారం షట్టరు దిగింది, పీట పడింది, నడుము వంగింది, మూడు వేళ్లూ కణతల దగ్గర నీడలు దిద్దాయి. శనివారం సాయంత్రానికి దురద మొదలైంది. ఆదివారం లేచేసరికి మూడు వేళ్లూ ఉడికించిన బీట్‌రూటు రంగులో ఉబ్బి కూర్చున్నాయి. నడుము పట్టేసింది. మంచం మీద కూర్చుని కత్తెరాయన చెయ్యి చూసుకున్నాడు. ఇక నచ్చజెప్పుకోవడానికి ఏమీ మిగల్లేదు. డాక్టరమ్మ చెప్పింది నిజం. బాగుచేసింది దోసకాయ కాదు, మామగారి ప్రయాణం. చెబితే ముప్ఫై మంది ముందు పెద్దాయన పరువు పోతుంది, చెప్పకపోతే రెండు వారాలకోసారి తన వేళ్లు పోతాయి. ముందు నుయ్యి, వెనక గొయ్యి. అతనికి నిజంగానే ఏడుపొచ్చింది.

హాల్లో కుర్చీలన్నీ నిండాయి. మామగారు బోర్డు మీద దోసకాయ బొమ్మ వేశారు. దాని మీద చెమ్మ మెరుస్తున్నట్టు నాలుగు చుక్కలు పెట్టేసరికి వెనక వరసలో ఎవరికో దాహం వేసి లేచి వెళ్లారు. తర్వాత ఆయన నల్లటి తల ఎగరేసి పిలిచారు.

"అల్లుడూ, రా! చెయ్యి చూపించు."

కత్తెరాయన వేదికెక్కి చెయ్యెత్తి చూపించాడు. చప్పట్లు మోగాయి. ముందు వరసలో కూర్చున్న ఆసుపత్రి నర్సమ్మ, పెద్దావిడ, మెడ ముందుకి సాచింది.

"నాయనా, అది ఎడం చెయ్యి కదూ?"

చప్పట్లు ఆగిపోయాయి. కుడిచెయ్యి జేబులోంచి బయటికి రాక తప్పలేదు. హాలంతా ఒక్కసారిగా 'అయ్యో' అంది.

"పథ్యం తప్పాడు!" అని ఎవరో అరిచారు. ఇంక చూడాలి, ఎవరికి తోచింది వాళ్లు అడగడమే. ఉప్పు తిన్నావా? నూనె తగిలిందా? దిండు వేసుకున్నావా?

మామగారి మొహం పాలిపోయింది. "ఏం తిన్నావ్ అల్లుడూ?" అన్నారు.

కత్తెరాయన ఆ మొహం చూశాడు. పదకొండేళ్లుగా తన చేతుల్లో వాలిన తల అది. చెప్పలేకపోయాడు.

"బిస్కెట్ తిన్నాను మామయ్యా," అన్నాడు తల దించుకుని. "నాదే తప్పు."

"ఇంట్లో బిస్కెట్లు ఎక్కడున్నాయండీ?" అని మూడో వరసలోంచి భార్య లేచింది. "ఇన్ని రోజులూ బొమ్మల ప్రకారం వండి పెట్టాను. ఈ మనిషి నిద్రలో 'బిస్కెట్' అని కలవరించాడు గానీ తినలేదు. మీదొట్టు నాన్నా!"

మామగారు ఆ చేతిని దగ్గరికి తీసుకుని చూశారు. బొమ్మలు వేసే కన్ను కదా, రోగాన్ని కాదు, ఆకారాన్ని చూసింది. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు. చిటికెన వేలి మీద మచ్చ కూడా లేదు. నీడలు దిద్దడానికి ఏ మూడు వేళ్లు వాడాలో తనే నేర్పారు. గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఆయన చెయ్యి తనంతట తనే కణత మీదకి పోయింది.

"బిస్కెట్ కాదు," అన్నారు చివరికి. "నేను."

ఎవరికీ అర్థం కాలేదు.

"నా జుట్టు తెల్లది. అరవై ఒకటో ఏటి నుంచీ తెల్లదే. ఈ రంగు వీడు వేస్తున్నాడు, ఒట్టి చేతుల్తో, నా మాట విని. వీడి చెయ్యి పాడుచేసింది నేను. పైగా నెపం బిస్కెట్ మీద పెట్టాడు, పిచ్చి వెధవ." ఆయన కళ్లు తుడుచుకున్నారు. "దోసకాయ ఒంటికి మంచిదే. కానీ జుట్టు విషయంలో దోసకాయ చేసిందేమీ లేదు. నన్ను క్షమించండి. వచ్చేవారం నుంచి రానవసరం లేదు."

"అదేంటి మాస్టారూ?" అంది నర్సమ్మ. "మేం జుట్టు చూడ్డానికొస్తున్నామా? మీ బొమ్మల కోసం వస్తున్నాం. పోయినవారం వంకాయ సగంలో ఆపేశారు. తొడిమ వెయ్యాలి."

"అవును, తొడిమ!" అన్నాయి వెనక వరసలు.

"నాన్నా," అంది కూతురు మెల్లగా, "పదకొండేళ్లుగా మీ దిండు గలీబులు ఉతుకుతున్నదెవరనుకున్నారు? తెల్ల గలీబు వేస్తే సోమవారానికి నల్లబడేది. మీరు చెప్పుకునే రోజు వస్తుందిలే అని ఊరుకున్నాను. వేసేది మాత్రం ఈయనని తెలీదు." అని మొగుడివైపు తిరిగింది. "డాక్టరుగారి దగ్గర నా చేతే అబద్ధపు సాక్ష్యం చెప్పిస్తారా? ఇంటికి పదండి, మీ సంగతి చెప్తా!"

సోమవారం పొద్దున్న సెలూన్ షట్టరు పైదాకా లేచింది. మామగారు పట్టపగలు, రోడ్డు మీద వాళ్లంతా చూస్తుండగా, పెద్ద కుర్చీలో కూర్చున్నారు. కత్తెరాయన కుర్చీని ఎంత ఎత్తు లేస్తుందో అంత ఎత్తు లేపాడు. వంగనవసరం లేకుండా, చేతికి తొడుగులేసుకుని కత్తెర అందుకున్నాడు. నల్లటి గుత్తులు నేల మీద రాలాయి, కుదుళ్లదాకా కత్తిరించేసరికి శుక్రవారం తర్వాత మొలిచిన నూగు, పాలలాంటి తెలుపు బయటపడింది. ఎదురుగా అద్దాల సెలూన్‌లో సగం గడ్డంతో కూర్చున్న పోస్టుమాస్టరుగారు నురగతోనే బయటికొచ్చి చూశారు. గోడ మీద బోర్డు అలాగే ఉంది. పదకొండేళ్లకి మొదటిసారి అందులో రాసింది నిజమైంది.

"ఎలా ఉన్నానోయ్?" అన్నారు మామగారు అద్దంలోకి అనుమానంగా చూసుకుంటూ.

"తెల్లజుట్టుతో ఉన్న మా అత్తయ్య ఫోటో పక్కన పెడితే ఇప్పుడు జోడీ కుదురుతుంది మామయ్యా."

పెద్దాయన తువ్వాలు కిందనుంచి చెయ్యి బయటికి తీశారు. చేతిలో బిస్కెట్ ప్యాకెట్ ఉంది.

"చెయ్యని తప్పు ఒప్పుకున్నావు కదా, ఇప్పుడు చెయ్యి. తిను."

కత్తెరాయన తొడుగులు విప్పాడు. వాచిన మూడు వేళ్లతోనే ఓ బిస్కెట్ జాగ్రత్తగా తీసి, రెండు ముక్కలు చేసి, పెద్ద ముక్క మామగారి నోట్లో పెట్టాడు.