నీకేం తక్కువైంది?

మా తమ్ముడు గ్యుహో ఉద్యోగం మానేసి మూడు నెలలైంది. ఇరవై నాలుగేళ్లవాడు, కొరియాలోని ఉల్సాన్‌లో తన ఒంటిగదిలో గోడవైపు తిరిగి పడుకునే ఉంటున్నాడు. డాక్టరు డిప్రెషన్ అని చెప్పి మందులు రాసింది. నేను రోజూ వెళ్లి కాస్త గంజి కాచి తాగిస్తున్నాను.

ఒక ఆదివారం మధ్యాహ్నం నాన్న వచ్చాడు. షిప్‌యార్డులో ముప్పై ఏళ్లు వెల్డింగు చేసి రిటైరైన మనిషి. బూట్లు విప్పకుండా గుమ్మంలోనే నిలబడి మొదలుపెట్టాడు.

"ఒరేయ్, లే! నీకేం తక్కువైందిరా? తిండి పెట్టలేదా, చదివించలేదా? డిప్రెషనట! ఒళ్లు వంగకపోతే దానికో పేరు."

గ్యుహో దుప్పటి ముసుగు పెట్టేశాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

"నాన్నా, చిన్నప్పుడు ఇంట్లో ఎవరైనా కొట్టేవారా అని డాక్టరు అడిగింది. వీడు లేదన్నాడు. నీ పరువు కోసం అబద్ధమాడాడు."

"మగపిల్లాడికి నాలుగు దెబ్బలు పడితేనే దారిలో ఉంటాడు. మా నాన్న నన్ను కొట్టలేదా?"

"నాలుగు దెబ్బలా? లెక్కల్లో మార్కులు తగ్గాయని, జనవరి చలిలో బనీనుతో బాల్కనీలోకి నెట్టి గడియ పెట్టావు. తొమ్మిదేళ్లు వాడికి! వాడు అద్దాల తలుపు గీకుతుంటే నువ్వు టీవీలో కుస్తీ చూస్తూ కూర్చున్నావు. అమ్మ గడియ తీయబోతే చెంప పగలగొట్టావు. పన్నెండేళ్లవాడు పక్క తడిపాడని, పసిపిల్లల్ని సిగ్గుపరిచే పాత ఆచారం పట్టుకుని, చేట చేతికిచ్చి, ఇంటింటికీ ఉప్పు అడుక్కు రమ్మన్నావు."

"మెల్లిగా! పక్కవాళ్లు వింటారు."

"విననీ! అప్పుడూ విన్నారుగా. ఎవడొచ్చాడు? నేనూ రాలేదు. చెవులకి దిండు నొక్కుకుని పడుకున్నాను."

దుప్పటిలోంచి సన్నగా గొంతు వినిపించింది. "అక్కా, అరవకు. గుండె దడగా ఉంది."

నేను ఠక్కున ఆగిపోయాను. అరిచేవాళ్లంటే వాడికి ఎంత భయమో నాకంటే ఎవరికి తెలుసు?

నాన్న నేలచూపులు చూస్తూ గొణిగాడు. "అప్పుడు తాగి ఉండేవాణ్ణి."

"రోజూ తాగేవాడివి కాదు," అన్నాను గొంతు తగ్గించి. "ఇక వెళ్లు."

వెళ్లాడు. తమ్ముడి వైపు ఒక్కసారైనా చూడలేదు.

ఆ మంగళవారం డాక్టరు మళ్లీ అదే అడిగింది. గ్యుహో నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "కొట్టేవాడు," అన్నాడు. ఆ ఒక్క మాటకు పావుగంట పట్టింది. తర్వాత చాలాసేపు ఏడ్చాడు.

ఇంకా ఉద్యోగానికి వెళ్లడం లేదు. నాన్న రోజూ నాకు ఫోన్ చేస్తున్నాడు. నేను ఎత్తడం లేదు.