తొమ్మిదిన్నర డ్రిల్లు

సొరంగం మధ్యలో బండి ఆగిపోయింది. టైము తొమ్మిది ఇరవై రెండు.

చివరి పెట్టెలో, గార్డు క్యాబిన్‌లో ఫోను మోగింది. అవతల డ్రైవరు.

"అక్కా, మొదటి పెట్టె కింద మోటారు అంటుకుంది. కరెంటు తీయించాను. మంటలార్పే సిలిండరుతో ఆపుతున్నా గానీ పది నిమిషాలకు మించి ఆగదు. అందర్నీ నీ వైపు నుంచి దింపెయ్."

మూడు పెట్టెలు, నూట పాతిక మంది. పైగా ఆ మొదటి పెట్టెలోనే గార్డు అత్తగారు ఉన్నారు. కళ్ళ డాక్టరు దగ్గరికి బయల్దేరి, కిటికీ పక్క సీటే కావాలని పట్టుబట్టి మరీ అక్కడ కూర్చున్నారు.

గార్డు వెనక తలుపు తెరిచి నిచ్చెన దించింది. మైకు అందుకుంది.

"బండికి నిప్పంటుకుంది. ఇది డ్రిల్లు కాదు. సామాను వదిలేసి చివరి పెట్టెలోకి రండి."

ఒక్కరూ కదల్లేదు.

కదలరు మరి. ప్రతి నెలా మొదటి సోమవారం తొమ్మిదిన్నరకు ఈ బండిలో ఉత్తుత్తి మంటల డ్రిల్లు జరుగుతుంది. అది నిజంలా అనిపించాలని భద్రతాధికారి ఒక గొప్ప నియమం పెట్టారు. డ్రిల్లులో కూడా "ఇది డ్రిల్లు కాదు" అనే చెప్పాలి. రెండేళ్ళుగా ఆ మాట వినీ వినీ జనం చెవులు మొద్దుబారాయి. ఈ రోజు మొదటి సోమవారం.

"పోయిన నెల పెళ్ళిళ్ళ పొగ మిషను తెచ్చారు. ఈసారి వాసన కూడా వస్తోంది. బాగా ఖర్చుపెట్టారు," అని మెచ్చుకున్నాడు రోజూ పేపరుతో వచ్చే పెద్దమనిషి, పేజీ తిప్పుతూ.

డ్రిల్లు చూడ్డానికి అదే బండి ఎక్కిన భద్రతాధికారి క్యాబిన్‌లోకి దూసుకొచ్చారు. ఆయన వెనకే ఫోటోగ్రాఫరు.

"ఏంటమ్మా ఇది? తొమ్మిదిన్నరకు కదా! ఇతను ఇంకా లెన్సు తుడుచుకుంటున్నాడు."

"సార్, నిజంగానే అంటుకుంది!"

"శభాష్. గొంతులో ఆ వణుకు, అదీ కావాల్సింది. తొమ్మిదిన్నరకు మళ్ళీ అలాగే చెప్పు."

ఆమె మళ్ళీ చెప్పింది. మూడోసారీ చెప్పింది. ఎవరో చప్పట్లు కొట్టారు. తొమ్మిది ఇరవై నాలుగు.

పదకొండేళ్ళుగా ఈ జనాన్ని మోస్తోంది ఆమె. చావంటే వీళ్ళకు లెక్కలేదు. వీళ్ళకు భయమున్నది ఒక్కదానికే. మైకు మళ్ళీ నోటి దగ్గర పెట్టుకుంది.

"ప్రయాణికులకు గమనిక. ఈ బండి సాయంత్రం దాకా కదలదు. వెనక స్టేషన్లో ఇంకో బండి రెడీగా ఉంది. సీట్లు సగమే. సామానుతో వచ్చినవాళ్ళనీ, తోసుకున్నవాళ్ళనీ ఎక్కించుకోరు."

మాట పూర్తి కాకుండానే బండి మొత్తం లేచి నిలబడింది. సంచులు సీట్లలోనే ఉండిపోయాయి. నిచ్చెన మీద నుంచి ఒకరి వెనక ఒకరు, బడిపిల్లల్లా బుద్ధిగా, గోడ వారగా స్టేషన్ వైపు నడిచారు. అందరికంటే ముందు దిగింది భద్రతాధికారి. ఆఫీసులో ఆయనకు పదింటికి మీటింగు.

తొమ్మిది ముప్పై. చివరి మనిషీ దిగాడు. అత్తగారు రాలేదు.

గార్డు చేతిరుమాలు తడిపి ముక్కుకు కట్టుకుని ముందుకు పరుగెత్తింది. మొదటి పెట్టెలో పొగ నడుము దాకా దిగింది. కిటికీ పక్కన, ఒళ్ళో సంచితో, దగ్గుతూ, పెద్దావిడ.

"అత్తయ్యా, లేవండి!"

"నాకేం ఆఫీసుందా, కచేరీ ఉందా? రద్దీ తగ్గాక వస్తాలే."

"రద్దీ కాదు, మంట!"

"ప్రతి నెలా ఇదే పాటట కదా, పక్కాయన చెప్పాడు. నన్ను కంగారుపెట్టకు."

కాళ్ళ కింద నేల వేడెక్కుతోంది. లాగితే వచ్చే మనిషి కాదు. లాగితే ఇంకా బిగుసుకునే మనిషి. గార్డు గిరుక్కున వెనక్కి తిరిగింది.

"సరే, మీ ఇష్టం. నేను ఇంటికెళ్ళి మీ వంటింటి అలమర మొత్తం నా పద్ధతిలో సర్దేస్తా."

పెద్దావిడ లేచింది. ఆ అలమర మీద పదకొండేళ్ళుగా కోడలి చెయ్యి పడనివ్వలేదు. రోజూ మూలిగే మోకాళ్ళ నొప్పి ఏమైందో గానీ, నిచ్చెన దగ్గరికి గార్డు కంటే ముందు చేరింది. వెనకాలే డ్రైవరు, ఖాళీ సిలిండరు పారేసి, మసి మొహంతో దిగాడు.

స్టేషన్లో నూట పాతిక మందీ లేని బండి కోసం వరుసలో నిలబడి ఉన్నారు.

"ఏదమ్మా ఆ బండి?" పేపరు పెద్దమనిషి గద్దించాడు.

అప్పుడు సొరంగంలో ఢామ్మని పేలింది. నల్లటి పొగ ప్లాట్‌ఫారం మీదికి తన్నుకొచ్చింది.

"నిజంగా నిప్పయితే ముందే చెప్పొచ్చుగా!" అన్నాడు పెద్దమనిషి.

భద్రతాధికారి అప్పటికే ప్యాడు మీద కాగితం పెట్టుకుని రాస్తున్నారు.

"లేని బండి ఉందని మైకులో అబద్ధం చెప్పావు. నియమాలకు విరుద్ధం. సంజాయిషీ ఇవ్వాలి. సాక్షిని నేనే, నేను కూడా నమ్మాను."

పెద్దావిడ దగ్గు ఆపుకుని కాగితంలోకి తొంగిచూసింది.

"అలమర సంగతి కూడా రాయి బాబూ. అదీ అబద్ధమే కదా?"

"అది మాత్రం నిజం అత్తయ్యా," అంది గార్డు. "సాయంత్రం డ్యూటీ దిగగానే."