వారం దాకా నీళ్ళు పడొద్దు

మా కారు రోజంతా చేసే పని నిలబడటం. అయినా దాని కింద ఏ నేల ఉండాలో తేల్చడానికి నా వేసవి సెలవులు మొత్తం తగలబడ్డాయి. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక జూనియర్ కాలేజీలో బోటనీ చెబుతాను. ఏడాదంతా నిలబడి పాఠాలు చెప్పిన కాళ్ళకి కాస్త విశ్రాంతి దొరికేది ఆ సెలవుల్లోనే.

మా ఇల్లు చైతన్యపురిలో. కింద పార్కింగ్, పైన మేం. ఇల్లు కట్టినప్పుడు పార్కింగ్‌కి ఉత్త సిమెంటు చేయించారు. ఇప్పుడది పెచ్చులూడిపోయి, ఆయిల్ మరకలు పడి, ఎంత ఊడ్చినా పొడి రాలుస్తుంది. దాన్ని రోజూ తెల్లవారకముందే కడిగేది నేనే. పార్కింగ్ మొత్తం తడవాలి, గేటు దగ్గర ముగ్గు పడాలి, అప్పుడే పొయ్యి మీద పాలు పెట్టాలి. ఇది మా అత్తగారు అమ్మాజీ తెనాలి నుంచి తెచ్చిన రూలు. పెళ్ళయిన కొత్తలో బకెట్ నా చేతికిచ్చారు, మళ్ళీ తీసుకోలేదు. ఈ వయసులోనూ పొద్దున్నే మెట్ల మీద నిలబడి తనిఖీ చేస్తారు.

"ఆ మూల తడవలేదు అమ్మాయ్."

నడుం నొప్పికి డాక్టరు దగ్గరికి వెళ్తే, వంగడం తగ్గించండి అన్నాడు. ఆయన వాకిలి ఎవరు కడుగుతారో అడగాలనిపించింది. అందుకే పార్కింగ్ నేల మార్పిద్దామని మా ఆయన ప్రసన్నకుమార్ అన్నప్పుడు నాకు ఒకటే కోరిక పుట్టింది. నీళ్ళు అక్కర్లేని నేల కావాలి. కర్రకి గుడ్డ కట్టి తుడిస్తే సరిపోవాలి. పొద్దున ఇంకో గంట పడుకోవాలి. ఈ కోరిక ఎవరికీ చెప్పలేదు, చెబితే దానిమీద ఇంట్లో చర్చ పెడతారు.

"గ్రానైట్ వేయిద్దాం ఇంద్రాణీ. ఎదురింటి విశ్వేశ్వరరావుగారిది చూశావా, అద్దంలా ఉంది," అన్నారు ఈయన.

"ఆ అద్దం మీదే కదండీ మొన్న వానకి ఆయన జారిపడింది."

ఈయన పేపరు అడ్డం పెట్టుకున్నారు. తిరిగే పని నాకు పడింది. ఎల్బీనగర్‌లో ఎండన పడి ఎక్కని షాపు లేదు. నున్నటి టైల్స్ జాకీ పెడితే పగులుతాయన్నారు. గళ్ళ పార్కింగ్ టైల్స్ గట్టివేగానీ ఆ గళ్ళల్లో మట్టి దిగితే నీళ్ళు కొట్టి బ్రష్షుతో రుద్దాలట. నేను మర్యాదగా లేచి వచ్చేశాను. రబ్బరు చాపలు ఎండాకాలం కంపు కొడతాయట. ప్రతి షాపువాడూ ఏ బండి, ఎంత బరువు అని అడిగేవాడే. ఆ నేలని చూసుకునేది ఎవరని ఒక్కడూ అడగలేదు.

చివరికి ఎపాక్సీ పూత గురించి తెలిసింది. పాత సిమెంటునే గీకి, పగుళ్ళు పూడ్చి, పైన రంగులాగా పోసేస్తారు. ఆయిల్ పడినా ఇంకదు, పొడి రాలదు, గుడ్డతో తుడిస్తే చాలు. జారకుండా అందులో సన్నటి ఇసుక కూడా కలుపుతారట. ఆ షాపులోనే నాకు నిద్ర ముంచుకొచ్చినంత హాయిగా అనిపించింది.

పని చేసింది సీతారాములు, నల్గొండ వైపు మనిషి. సాయంత్రానికి పూత ముగించి, మెట్ల దగ్గర నిలబడి మరీ చెప్పాడు.

"మేడం, వారం దాక నీళ్ల సుక్క పడొద్దు. బండి ఎక్కొద్దు. పచ్చి మీద నీళ్లు పడ్డయంటే తెల్లగ మచ్చలైతయి. గా పెద్దమ్మకు జర సమజ్ చేసి చెప్పుండ్రి."

అందరి అనుమానమూ అత్తగారి మీదే. ఈయన ఆవిడకి చెప్పిందే చెప్పారు. నేను బకెట్టూ చీపురూ డాబా మీద దాచి, పార్కింగ్ కుళాయికి గుడ్డ చుట్టాను. అలారం తీసేసి, పెళ్ళయ్యాక మొదటిసారి హక్కుగా పడుకున్నాను.

అలారం లేకపోయినా మెలకువ వచ్చింది. కళ్ళు పూర్తిగా తెరవకుండానే లేచాను. బకెట్ ఉండే చోట కనబడకపోతే బాత్రూంలోది నింపుకున్నాను. మెట్లు దిగి, ఆఖరి మెట్టు మీద నిలబడి, ఎప్పటిలాగే విసురుగా చల్లాను. నీళ్ళు పడిన చప్పుడయ్యాక రంగు వాసన తగిలింది. అప్పుడు గుర్తొచ్చింది.

తెల్లవారేసరికి బూడిదరంగు నేల మీద తెల్లటి మచ్చలు తేలాయి. ఈయన లేచి వచ్చి చూసి, వెనకే వచ్చిన అత్తగారి మీద విరుచుకుపడ్డారు.

"అమ్మా! చిలక్కి చెప్పినట్టు చెప్పాను కదే!"

ఆవిడ నేల వంకా తన చేతుల వంకా చూసుకున్నారు. "నేనే పోసుంటానురా. ఈ మధ్య ఏం చేస్తున్నానో నాకే తెలియట్లేదు," అన్నారు. ఆ ముఖంలో భయం చూసి ఇక ఆగలేకపోయాను.

"అత్తయ్యగారు కాదండీ. నేను పోశాను."

ఈయన చూపు నా చీర కుచ్చిళ్ళ తడి మీద పడింది. నేను మెట్టు మీద కూలబడి ఏడ్చాను. గంట నిద్ర కోసం ఊరంతా తిరిగి, ఆ నిద్రని నా చేత్తో నేనే కడిగేసుకున్నాను. నా మీద నాకే అసహ్యం వేసింది. ఎవరూ చెప్పకపోయినా, వద్దని చెప్పినా, లేచి చేసేసే మనిషినైపోయాను.

అత్తగారు గోడ పట్టుకుని నా పక్కన కూర్చున్నారు.

"నీకు బకెట్ ఇచ్చేశాక నేనూ చాన్నాళ్ళు ఆ వేళకే లేచి మంచం మీద కూర్చునేదాన్ని అమ్మాయ్. చేతులు ఊరుకునేవి కావు."

"అందుకేనా మెట్ల మీదికి వచ్చేవారు?"

"మరేం చెయ్యను?" అన్నారు.

సీతారాములు వచ్చి తల పట్టుకున్నాడు. "ఎవలు పోసిర్రు?" అని అడిగాడు గానీ, నా ముఖం చూసేసరికి అర్థమైపోయింది. పాడైనదంతా గీకి మళ్ళీ పూత వేశాడు. "ఈసారి ఎట్ల మేడం?" అన్నాడు.

"ఈసారి వారం దాకా నేను ఈ ఇంట్లో ఉండను."

మూసారాంబాగ్‌లో మా చెల్లెలు ఉదయలక్ష్మి ఫ్లాటుకి వెళ్ళిపోయాను. వాళ్ళకి వాకిలి లేదు, తలుపు తీస్తే లిఫ్టు. అయినా మర్నాడు ఆ వేళకే కళ్ళు తెరుచుకున్నాయి. చేతులు దుప్పట్లో పెట్టుకుని పైకప్పు చూస్తూ ఉండగా ఫోన్ మోగింది. అత్తగారు.

"ఏమైంది అత్తయ్యగారూ?"

"ఏమీ కాలేదు. కుర్చీ వేసుకుని మెట్ల దగ్గరే కూర్చున్నాను. నేల పొడిగా ఉంది. పాలు పొయ్యి మీద పెట్టేశాను."

వాకిలి తడవకుండానా అని నోటిదాకా వచ్చింది.

"లేచే ఉంటావని చేశాను," అన్నారు ఆవిడ. "పడుకో అమ్మాయ్."

కాపురానికి వచ్చాక ఆవిడ నోట ఆ మాట వినడం అదే మొదటిసారి. ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని అటు తిరిగి పడుకున్నాను. ఉదయ కాఫీ తెచ్చి లేపేదాకా మెలకువ రాలేదు.