మూడోసారి తొక్కితే ఆగే బండి

మా బండికి మూడోసారి తొక్కితేగానీ బ్రేకు పడదు. మొదటిసారి తొక్కడం ఉత్తదే. రెండోసారికి బండికి కబురందుతుంది. మూడోసారికి ఆగుతుంది. ఈ సంగతి నా భార్య పాదానికి తెలుసు గనక, కోళ్ళఫారం నుంచి పట్నం కొట్లదాకా గుడ్లు పగలకుండా చేరుతున్నాయి.

నడిపేది ఆవిడే. నాకు ఒక కంటికి చూపు సరిగా ఆనదు. నేను గుడ్ల అట్టలు ఎక్కిస్తాను, తాళ్ళు బిగిస్తాను, పక్కన కూర్చుంటాను. మా వీధిలో దాన్ని దగ్గుల బండి అంటారు. మలుపు దగ్గర ముందు దాని దగ్గు వినబడుతుంది, తర్వాత అది కనబడుతుంది. తలుపు మూయాలంటే కాస్త పైకెత్తి నెట్టాలి. వానొస్తే అద్దం సందులోంచి నీళ్ళు నా మోకాలి మీద పడతాయి. ఎప్పుడూ అదే మోకాలు.

ఈమధ్య ఎత్తు ఎక్కలేక మధ్యలో ఆగిపోవడం కూడా మొదలుపెట్టింది. మెకానిక్‌ని పిలిచాం. అతను బండి కింద దూరి చాలాసేపు పడుకున్నాడు. నిద్రపోయాడేమోనని వంగి చూశాను. చివరికి బయటికొచ్చి చేతులు తుడుచుకున్నాడు.

"బ్రేకులొక్కటే కాదమ్మా. ఇంజనూ దింపాలి. నెల పడుతుంది. విప్పాక ఇంకా ఏమేం బయటపడతాయో నాకూ తెలీదు."

"విప్పకపోతే?"

"ఎక్కడో ఒకచోట అదే విప్పుకుంటుంది."

నెలంటే మాటలు కాదు. మేం రాకపోతే కొట్లవాళ్ళు ఇంకొకరి దగ్గర తీసుకుంటారు. ఆ ఇంకొకరు ఎవరో కూడా మాకు తెలుసు. నా బావమరిది. వాడిదీ గుడ్ల వ్యాపారమే. కొత్త వ్యాన్లున్నాయి. మొన్ననే ఇంకొకటి దించాడు.

కబురు చెవినపడగానే వచ్చాడు.

"అక్కా, ఆ డొక్కుని పాతసామానువాడికి ఇచ్చెయ్. నా కొత్త బండి నువ్వు నడుపు. ఆ కొట్లే, ఆ దారే. నెల తిరిగేసరికి నీ చేతిలో జీతం. బావ కూడా రావచ్చు."

"నేను కూడా రావచ్చట," అన్నాను.

"నిన్ను వద్దంటే మా అక్క నన్ను బతకనిస్తుందా బావా?"

"ఆలోచిస్తాలే," అంది ఆవిడ.

"ఇందులో ఆలోచించేదేముంది? రేపొక్కరోజు నడిపి చూడు. ఆ తర్వాత నువ్వే నన్ను బతిమాలుకుంటావు."

తాళంచెవి ఆవిడ చేతిలో పెట్టి వెళ్ళాడు. చిన్నప్పుడు వాణ్ణి చంకనేసుకుని తిప్పిన మనిషి ఆవిడ. తాళంచెవిని అరచేతిలో పెట్టుకుని చూస్తూ నిలబడింది.

మర్నాడు వాడి గుడ్లేసుకుని కొత్త బండి ఎక్కాం. అబద్ధమెందుకు, మంచి బండి. వేలితో నెడితే తలుపు మూసుకుంది. లోపల చల్లగా ఉంది. దగ్గు లేదు. ఇన్నేళ్ళలో బండిలో ఒకరి మాట ఒకరికి వినబడడం అదే మొదలు. ఏం మాట్లాడుకోవాలో ఇద్దరికీ తోచలేదు. బ్రేకును మాత్రం ఆవిడ వేడి పెనాన్ని ముట్టుకున్నట్టు కాలి కొసతో ముట్టుకుంటూ నడిపింది.

కాలువ వంతెన దగ్గర టీకి ఆగాం. అక్కడ టీ బాగుండదు. అయినా రోజూ ఆగుతాం. బల్ల మీద కూర్చుని గ్లాసు ఎత్తామో లేదో ఆవిడ ఫోను మోగింది.

"అక్కా, ఎందుకాగావు?"

ఆవిడ అటూ ఇటూ చూసింది. వాడు ఎక్కడైనా నక్కి ఉన్నాడేమోనని నేనూ చూశాను.

"ఆగానని నీకెలా తెలుసురా?"

"బండిలో మిషనుందిగా. ఎక్కడుందో, ఎంతసేపు ఆగిందో అంతా నా ఫోనులో కనబడుతుంది. నీ మీద అనుమానం కాదక్కా. అందరికీ అంతే."

"టీ తాగుతున్నాను."

"తాగు, తాగు. కాస్త త్వరగా తాగు."

ఆవిడ గ్లాసు కింద పెట్టేసింది. సగం టీ అందులోనే ఉంది.

బండెక్కాక ఆవిడ మెడ మీద నరం ఒకటి లేచింది. అది లేచినప్పుడు నేను కిటికీలోంచి బయటికి చూస్తాను. బజారు మలుపులో ఒక తోపుడుబండి అడ్డమొచ్చింది. దూరంగానే ఉంది, భయపడాల్సిందేమీ లేదు. కానీ ఆవిడ మనసు ఇంకా ఆ ఫోను దగ్గరే ఉంది. పాదం పాత అలవాటుకి పోయింది. మొదటిసారి ఉత్తదే కదా అని గట్టిగా తొక్కింది.

బండి మేకు కొట్టినట్టు నిలబడిపోయింది. వెనక అట్టలన్నీ ఒక్కసారిగా మీదికొచ్చిన చప్పుడు. కాసేపటికి మా సీట్ల కిందనుంచి పచ్చగా సొన కాళ్ళ దగ్గరికి వచ్చింది.

"పెనం తెమ్మంటావా అమ్మా?" అన్నాడు తోపుడుబండివాడు.

బావమరిదికి మేం చెప్పే పని లేకపోయింది. బండి ఆగిందని ఫోనులో చూసుకుని వాడే వచ్చాడు. వెనక తలుపు తీసి, మళ్ళీ మూసేశాడు.

"చూశావా? ఆ డొక్కు నీ కాలిని కూడా పాడుచేసింది. అది ఇంటి ముందున్నంతకాలం నీకు ఇది అలవాటు కాదు. రేపు పొద్దున్నే పాతసామానువాణ్ణి వెంటబెట్టుకొస్తా."

"తప్పు నాదే. పగిలినవి మేమిచ్చుకుంటాం," అంది ఆవిడ. "బండి కడిగిస్తాను."

ఇంటికొచ్చి కడిగింది. గుడ్డుసొన ఎండితే ఓ పట్టాన వదలదు. నేను నీళ్ళు పోస్తున్నాను, ఆవిడ రుద్దుతోంది.

"అలవాటైపోతుందిలే," అన్నాను.

"దేనికి?"

"బ్రేకుకి."

"బ్రేకుకి అవుతుంది. ఆ ఫోనుకి కూడా అలవాటవుతానేమోనని నా భయం." బ్రష్షు బకెట్లో పడేసింది. "మెకానిక్‌ని రమ్మను. పొద్దుండగానే చక్రాలు ఊడదీయమను."

"చక్రాలెందుకే ఇప్పుడే?"

"చక్రాలుంటే రేపు నీ మనసు మారుతుంది."

నిజమే. అప్పటికే సగం మారి ఉంది.

"కొట్లు పోతే?" అన్నాను.

"పోయినవి పోతాయి. పోనివాటికి మనమే వేద్దాం. వాడి చేతికిందికి వెళ్ళాక మనకు పోవడానికి కూడా కొట్లుండవు."

పొద్దున్నే బావమరిది వచ్చాడు. వెంట పాతసామానువాడు, వాడి భుజాన లావుపాటి మోకు. మా బండి నాలుగు ఇటుకల దొంతుల మీద ఉంది. చక్రాలు గోడకి ఆనించి ఉన్నాయి. ఇంజను గోనెపట్టా మీద ఉంది. మెకానిక్ దాని ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. పాతసామానువాడు బండి చుట్టూ ఒకసారి తిరిగాడు.

"దీన్ని నాకంటే ముందే ఎవరో కొనేసినట్టున్నారే," అన్నాడు.

"ఇదేంటక్కా?"

"బాగుచేయిస్తున్నాను." ఆవిడ తాళంచెవి వాడి చేతిలో పెట్టింది. "శుభ్రంగా కడిగాను. సీటు కింద కూడా చూసుకో."

"నీకేమైనా పిచ్చా? నీ మంచికి చెబితే..."

"నా మంచికే చెప్పావు. నాకే వద్దు."

"ఇవాళ కొట్లకి గుడ్లెవరేస్తారు?"

"నేనే."

"దేనిమీద?"

"సైకిలు మీద."

"నీకు సైకిలు రాదుగా!"

"మీ బావకొచ్చు."

"బావకి కన్నానదు!"

"తొక్కమని ఎవరన్నారు? నెట్టుకుంటూ పోతాం."

వాడు నావైపు తిరిగాడు. "బావా, నువ్వైనా చెప్పు."

నేను సైకిలు వెనక అట్టలు కడుతున్నాను. "ఈ ముడి మీద కాస్త వేలు పెట్టు," అన్నాను. పెట్టాడు. నేను తాడు బిగించాను. తను ఏం చేశాడో అప్పుడు తెలిసి వేలు లాక్కున్నాడు.

"అయితే విను. ఇవాళ ఆ కొట్లన్నిటికీ నేనేస్తా. మీరు చేరేసరికి ఎవరికీ గుడ్లు అక్కర్లేకుండా చేస్తా." విసురుగా వెళ్ళిపోయాడు. పాతసామానువాడు మోకు భుజం మార్చుకుని, "నెల పోయాక ఓసారి కనబడతాలే అమ్మా," అన్నాడు.

"కనబడు. ఎక్కించుకుని తిప్పుతాను," అంది ఆవిడ.

బయల్దేరాం. నేను ముందు హ్యాండిలు పట్టుకుని, ఆవిడ వెనక అట్టల మీద చెయ్యేసి. కాలువగట్టు మీద దారి సన్నం. ఒక పక్క నీళ్ళు, ఒక పక్క పల్లం. సగం దూరం వెళ్ళామో లేదో వెనక హారను మోగింది. తిరిగి చూడక్కర్లేదు. ఆ హారను నిన్న మేం మోగించిందే.

మళ్ళీ మోగింది. ఈసారి ఆపకుండా.

"పక్కకి జరుగుదామా?" అన్నాను.

"జరిగితే సైకిలు పల్లంలోకి పోతుంది. గుడ్లున్నాయి."

"వాడికి తొందరగా ఉంది."

"దిగి నడవమను," అంది. అట్టల మీద చెయ్యి తియ్యలేదు. "నువ్వు మెల్లగా పోనీ."