నల్లకోటు గుండీలు

క్షయకు మందులు పూర్తిగా వాడి, పిచ్చుక తన మేనమామ కుట్టుకొట్టుకు తిరిగొచ్చేసరికి ఆమె కుట్టుమిషన్ వరండాలో ఉంది. అదీ చెప్పులు విడిచేచోట! జబ్బు నయమైందనీ, ఇక ఎవరికీ అంటదనీ డాక్టరు చెప్పిన మాట చెప్పి చూసింది. మామయ్య తలూపాడే గానీ మిషన్ కదపలేదు. అత్తయ్య రెండాకులు ఎక్కువే చదివింది. పిచ్చుక టీ గ్లాసు మిగతావాటిలో కలిసిపోకుండా దానికి ఎర్రదారం కట్టింది.

పిచ్చుకకు ఒళ్లు మండింది. ఊహ తెలిసినప్పటి నుంచీ ఆ కొట్లోనే పెరిగింది, లోపల కిటికీ పక్క చోటు ఆమెది. సాయంత్రంలోగా అది తనకు దక్కకపోతే వేరే కొట్టు చూసుకుంటానని తెగేసి చెప్పింది. చెప్పిందే గానీ, వెళ్లాలంటే ప్రాణం ఒప్పదు.

ఆ రోజే లాయరుగారి నల్లకోటు ఇవ్వాలి. గుండీలు కుట్టడమే మిగిలింది. ఆయనొచ్చి బల్ల మీద కూర్చున్నారు కూడా. నల్లకోటు, నల్లదారం, మామయ్యకేమో చత్వారం. ఆయన సూదిలో దారం ఎక్కించే పని ఎప్పుడూ పిచ్చుకదే. కొసను పెదాల మధ్య తడిపి చిటికెలో ఎక్కించేస్తుంది. ఇప్పుడు ఆ తడిని తలుచుకునే మామయ్య ఆమెను పిలవలేదు. కళ్లజోడు పైకి నెట్టాడు, కిందికి దించాడు, సూదిని తిట్టాడు. అత్తయ్య ప్రయత్నించి వేలికి పొడుచుకుంది. లాయరుగారు ఆవలించారు.

"ఏం మామయ్యా, సూది మాట వినట్లేదా? ఇటివ్వు" అంది పిచ్చుక, గుమ్మంలో నిలబడి.

గత్యంతరం లేక ఇచ్చాడు. అందరూ చూసేలా, తీరిగ్గా దారం తడిపి ఎక్కించింది పిచ్చుక. మామయ్య ఆ సూదిని తేలును పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. కానీ పనిలో పడ్డాక దర్జీకి లోకం గుర్తుంటుందా? గుండీలన్నీ బిగించాడు. ఆఖరి ముడి వేసి, అలవాటు కొద్దీ వంగి, ఆ దారాన్నే పళ్లతో పుటుక్కున కొరికేశాడు.

అత్తయ్య చేతిలో ఇస్త్రీపెట్టె గాల్లోనే ఆగింది. అప్పుడు తెలిసొచ్చింది మామయ్యకు. దారం ముక్క నాలుక మీద ఉండగా పిచ్చుక వైపు చూశాడు. పిచ్చుక ఆయన నోటి వైపే చూస్తోంది. ఉమ్మేసి నోరు కడుక్కున్నాడంటే, ఇక ఈ కొట్టుకూ తనకూ చెల్లు.

మామయ్య వేలితో ముక్క తీసి పక్కన పెట్టాడు. మంచినీళ్ల వైపైనా చూడలేదు.

"అలా నిలబడ్డావేమే? మిషన్ అటుపక్క పట్టు. ఒక్కణ్ణే లోపలికి లాక్కురాగలనా?" అన్నాడు.

పిచ్చుక నవ్వుతూ ఏడ్చేసింది. అత్తయ్య గ్లాసుకున్న ఎర్రదారం విప్పబోయింది. తను బిగించిన ముడే, ఎంతకీ రాదే! విసుగొచ్చి, ఆమె కూడా పళ్లతోనే కొరికింది.